ఎర్మెస్ లారీలో మొలవని గడ్డి

పొద్దున్నే కుందేళ్ల కొట్టాల దగ్గర లోడు ఎత్తడం, పియావె నది వంతెన దాటాక కాఫీ బారు ముందు ఆగి ఒక కప్పు తాగడం, పదింటికల్లా కబేళా ఆవరణలో లారీ నిలపడం. ఇరవై రెండేళ్లుగా ఎర్మెస్ పని ఇదే. ఇంకో పని రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. లారీ అంటే ప్రాణం. అలాంటివాడి కడుపులో ఈ వసంతం నుంచి ఒక నిప్పుకణిక పడి ఆరనంటోంది. దాని పేరు ఓర్నెల్లా.

ఓర్నెల్లా అతని పెళ్లాం చెల్లెలు. మొగుడు పోయాక ఇంట్లో ఊరికే కూర్చోలేనంటే, ఎర్మెసే పక్కన కూర్చోబెట్టుకుని గేర్లు మార్చడం నేర్పాడు. కబేళావాళ్లు రెండో లారీ ఆమెకిచ్చారు. మొదటి రోజే ఆ లారీలో గడ్డి మొలిచింది.

ఆ నది పక్క మైదానంలో అదేమీ వింత కాదు. దారిలో కుందేళ్లు బెదరకుండా కునుకు తీస్తే పెట్టెల కింద ఇనపరేకు మీద లేతగడ్డి వస్తుంది. పుట్టినప్పటి నుంచీ తీగల బోనులో గుళికల మేత తిన్న జీవాలవి, గడ్డి మొహం చూసెరగవు. అయినా వస్తుంది. కబేళా కాపలావాడు దాన్ని కోసుకుని మేకకు పట్టుకెళతాడు. ఎర్మెస్ లారీలో మాత్రం ఒక్క పోచ రాలేదు ఎన్నడూ. కొందరి చేతికి మొక్క బతుకుతుంది, కొందరి చేతికి బతకదు, అంతేలే అనుకుని సరిపెట్టుకునేవాడు. మరదలి లారీలో చీలమండ ఎత్తు గడ్డి చూసిన రోజు నుంచి తిన్నది వంటబట్టడం మానేసింది.

ఆమె లోడు ఎత్తే తీరు చూస్తే అతనికి ఒళ్లు మండేది. ఒక బోనులో పెరిగినవాటిని ఒకే పెట్టెలో పెడుతుంది. పొట్ట కింద చెయ్యి వేసి మరీ ఎత్తుతుంది. ఎర్మెస్ అయితే వీపు తోలు పట్టుకుని, అందినదాన్ని అందిన పెట్టెలోకి విసిరి, పెట్టె మీద పెట్టె దభాల్న పడేసి, ఆమె సగం పని చేసేసరికి బండి తీసేవాడు. కొత్త మొహాలు ఒకచోట ఇరుక్కుని దారంతా ఒకదాన్నొకటి కరుచుకునేవి. ఎండాకాలం రోజూ నాలుగైదు చచ్చి దిగేవి.

"కాసేపట్లో చచ్చేవాటికి ఇంత రాజభోగం దేనికే?" అని ఒకసారి బారులో నలుగురూ వింటుండగా ఎత్తిపొడిచాడు.

"మనమూ చచ్చేవాళ్లమేగా బావా. అలాగని మా అక్క నిన్ను పొద్దున్నే మెడ పట్టుకుని మంచం మీంచి విసిరేస్తోందా?"

బారంతా నవ్వింది. ఎర్మెస్ కాఫీ వదిలేసి లేచాడు.

ఆగస్టు చివర్లో పిడుగులాంటి కబురొచ్చింది. వచ్చే నెల నుంచి ఒక్క లారీయే నడుస్తుందట. ఎవరిదన్నది శుక్రవారం లోడు దిగాక చెబుతానన్నాడు కబేళా పశువుల డాక్టరు తొఫానిన్. ఆయన చూసేది గడ్డేనని అందరికీ తెలుసు. ఎర్మెస్ రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాడు. మహిమ మరదలిది కాదు, ఆమె కుందేళ్లది. ఆమె లోడు ఎత్తే కొట్టం వేరు, అక్కడి జాతి మంచిదై ఉంటుంది. వాటిని ఓ మూడు పెట్టెలు తన బండిలోకి మార్చుకుంటే సరి.

శుక్రవారం బారు దగ్గర ఓర్నెల్లా లారీని చెట్ల నీడలో ఆపి లోపలికెళ్లింది. బారు కిటికీ తెరిచే ఉంది, ఆమెవి పాము చెవులు. ప్లాస్టిక్ పెట్టె ఒక్కటి కిర్రుమన్నా వస్తుంది. ముందు చోటు చేసుకోవాలి కదా అని, ఎర్మెస్ తన లారీ వెనక చివరనున్న మూడు పెట్టెల్ని ఒక్కొక్కటే గుండెకు హత్తుకుని, ఊపిరి బిగబట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద దించాడు. పెట్టె సందుల్లోంచి కుందేళ్ల గుండెలు అతని పక్కటెముకలకు తగిలాయి. తన గుండే అంతకంటే గట్టిగా కొట్టుకుంటోంది.

ఆమె లారీ మీద చెయ్యి వెయ్యబోతుంటే బారు తలుపు చప్పుడైంది. వెనక్కొచ్చి, ఆ మూడింటినీ అంతే మెత్తగా ఎక్కించేశాడు.

"ఏంటి బావా, ఆ చెమటలు?"

"ఎండ" అన్నాడు.

దారంతా తన ఖర్మను తిట్టుకుంటూ, ఎప్పటిలాగే హారన్ కొడుతూ, ఎప్పటిలాగే బ్రేకులేస్తూ నడిపాడు.

కబేళాలో డాక్టరు ముందు ఓర్నెల్లా లారీ చూశాడు. పచ్చిక బయలులా ఉంది. తర్వాత ఎర్మెస్ లారీ పరదా ఎత్తి అలాగే నిలబడిపోయాడు. రేకంతా బోసిగా ఉంది, చివరి మూడు పెట్టెల కింద మాత్రం రెండు వేళ్ల ఎత్తు గడ్డి. ఆ పెట్టెల్లో కుందేళ్లు ముందుకాళ్ల మీద మూతులు పెట్టుకుని నిద్రపోతున్నాయి.

"ఈ మూడూ ఎక్కడివి?" అన్నాడు డాక్టరు.

అన్నీ ఒక్క కొట్టానివే. అదే బండి, అదే దారి, అవే బ్రేకులు. ఏదో ఒక అబద్ధం ఆడవచ్చు. పక్కనే మరదలు నిలబడి ఉంది.

"నావే డాక్టరుగారూ. దీని పెట్టెలు మూడు కాజేద్దామని నావి దించాను. చప్పుడైతే ఇది వింటుందని గుండెకు హత్తుకుని దించాను, మళ్లీ అలాగే ఎక్కించాను. అంతకుమించి నేనేం చెయ్యలేదు."

ఓర్నెల్లా అతన్ని వదిలేసి, వంగి ఆ పెట్టెల్లోకి చూసింది. తిట్టి ఉంటేనే అతనికి నయంగా ఉండేది.

డాక్టరు కాసేపు ఆ గడ్డిని వేలితో నిమిరాడు. "లారీ ఓర్నెల్లాది" అన్నాడు. "రెండు కొట్టాల్లోనూ లోడు ఎత్తే పని నీది. రేపట్నుంచి ప్రతి పెట్టెనీ దొంగలాగే ఎత్తు."

ఎర్మెస్ లారీ తాళాలు ఆయన చేతిలో పెట్టాడు. కుళ్లు పోయిందా అంటే పోలేదు. ఇన్నాళ్లూ మరదల్ని చూసి ఏడ్చాడు, ఇప్పుడు ఎవర్ని చూసి ఏడవాలో తోచలేదు. గడ్డి మొలిపించిన ఈ రెండు చేతులూ ఇరవై రెండేళ్లుగా తన దగ్గరే ఉన్నాయి.