ఆ ఎనిమిది స్వరాలూ రోనీవి

డెరెక్ హాలమ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన రోజు గీతాంజలి ఆయన్ని చూడగానే గుర్తుపట్టింది. ఆయన గురించిన పేజీ రాసింది తనే మరి.

అది రెండు వేల సంవత్సరం, మార్చి నెల. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ అనే పేటలో ఒక పాత మేడ రెండో అంతస్తులో వాళ్ల కంపెనీ. పద్నాలుగు మంది పనిచేస్తారు. ప్రపంచంలో వచ్చిన పాటలన్నిటి వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టడం వాళ్ల పని. ఎవరు పాడారు, ఎవరు డ్రమ్స్ కొట్టారు, ఎవరు ఏ గిటార్ వాయించారు, అన్నీ. అనకాపల్లి నుంచి వచ్చిన గీతాంజలికి ఇంగ్లీషు పాటలంటే ఓనమాలు కూడా తెలియవు. అయినా రోజుకు నలభై పేజీలు నింపేది. అందులో డెరెక్ పేజీ అంటే మేనేజరు ఉమైర్‌కు ముచ్చట. అంత పేరున్న బేస్ గిటారిస్టు ఇదే ఊళ్లో, బిషాన్‌లో ఉంటున్నాడని తెలియగానే, ఆయన చేత నెట్‌లో లైవ్ ప్రోగ్రాం చేయించాలని ఉత్తరం రాయించాడు. తేదీ కూడా ఖాయమైంది.

"ఈ పేజీ రాసింది మీరేనా?" అని అడిగాడాయన ఇంగ్లీషులో. చేతిలో ప్రింటు తీసిన కాగితం ఉంది. యాభై ఆరేళ్లుంటాయి. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. ఎడమ చెవి సరిగ్గా వినపడదేమో, కుడి చెవిని ఆమె వైపు తిప్పాడు.

"నేనే సర్. ఏమైనా తప్పుందా?"

"ఒక్కటే తప్పు." కాగితం మీద గీత గీసిన వాక్యం చూపించాడు. "'స్టే బై ది గేట్' పాటను ప్రారంభించే ఎనిమిది స్వరాలతో డెరెక్ హాలమ్ చిరస్థాయిగా నిలిచిపోయాడు." ఆయన వాయించే హోటల్ వాళ్ల బ్రోషరులో ఉన్నదే ఆమె ఎత్తి రాసింది. "ఆ స్వరాలు నేను వాయించలేదు. నా పేరు తీసెయ్యండి."

తన పేరు చేర్చమని పోట్లాడే పాటగాళ్లను ఆమె ఎందరినో చూసింది. తీసెయ్యమన్న మనిషిని చూడటం ఇదే మొదలు. ఏం చెయ్యాలో తోచక, కిందికి వెళ్లి కోపీ, అదే ఇక్కడి కాఫీ, తాగుతూ మాట్లాడుకుందామంది.

తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌లో కూర్చున్నాక ఆయన నిదానంగా చెప్పుకొచ్చాడు. పుట్టింది వుల్వర్‌హాంప్టన్ అనే ఫ్యాక్టరీల ఊళ్లో. పదిహేనేళ్లకే తాళాల ఫ్యాక్టరీలో చేరాడు. స్నేహితులు పాప్ బ్యాండు పెట్టుకుంటే తానూ వెళ్లాడు కానీ, గిటార్లు వాయించే చోట్లు రెండూ అప్పటికే నిండిపోయాయి. ఎవరూ పట్టని బేస్ గిటార్ ఒకటి మూల మిగిలి ఉంటే అది పట్టుకున్నాడు. ఆ బ్యాండు మూడు రికార్డులు తెచ్చింది. ఒక్కటీ ఎవరూ కొనలేదు. అరవై ఎనిమిదిలో, బర్మింగ్‌హామ్‌లో జమైకా వాళ్లూ ఇంగ్లీషు వాళ్లూ కలిసి నడిపే సోల్ సంగీతపు బ్యాండు నుంచి పిలుపు వచ్చింది. వాళ్ల బేస్ వాయించే రోనీ ట్రస్కాట్ ఎక్కిన వ్యాను బోల్తా పడి అతని మణికట్టు విరిగిందట.

"రోనీ వాయింపుతో ఆ పాట అప్పటికే రికార్డయిపోయింది. ఇంకో మూడు వారాల్లో విడుదల. రోనీ ఇంటికి వెళ్లాను. చేతికి పిండికట్టు వేసుకుని మంచం మీద కూర్చుని, ఒక్కొక్క స్వరమూ నోటితో పాడి నాకు నేర్పాడు. 'పాడు చెయ్యకు' అన్నాడు, నవ్వుతూనే. తర్వాత రికార్డు కవరు కోసం ఫోటో తీశారు. అందులో నేనున్నాను. టీవీలో ఆ రికార్డు వేసి, వాయిస్తున్నట్టు నటించింది నేను. పాట దేశమంతా మోగిపోయింది. రోనీ చెయ్యి మళ్లీ సరిగ్గా రాలేదు. బ్రెడ్డు వ్యాను తోలుకున్నాడని విన్నాను."

"మరి మీరు ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరైనా అడిగితే అవుననలేదు. కాదని కూడా అనలేదు. మొదట్లో అది అబద్ధంలా అనిపించలేదు." కప్పు పక్కకు జరిపాడు. "ఆరేళ్లకు ఆ బ్యాండు విడిపోయింది. డిస్కో వచ్చింది. ఓడల్లో వాయించాను, సముద్రపు ఒడ్డు రిసార్టుల్లో వాయించాను. ఎవరెవరో గాయకుల వెనక నిలబడ్డాను. ఎనభై మూడులో ఇక్కడి హోటల్‌కు వచ్చాను. ప్రతి చోటా నన్ను పిలిచింది ఆ పాట పేరు చూసే."

"ముప్ఫై రెండేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు సర్?"

"రికార్డు కవరు ఎవరి అటక మీదో ఉంటుంది. హోటల్ పోస్టరు ఈ ఊళ్లోనే ఉంటుంది. మీ పేజీ అలా కాదు కదా. రోనీ తన ఇంట్లో కూర్చుని చదవగలడు."

పైకి వచ్చి గీతాంజలి ఈ సంగతి చెప్పగానే ఉమైర్ తల పట్టుకున్నాడు. హైదరాబాదు మల్లేపల్లి మనిషి. మంచివాడే కానీ ప్రోగ్రాం మీద చాలా ఆశ పెట్టుకున్నాడు.

"ఏంది గీతా, మూడు వారాల్ల ప్రోగ్రాం ఉన్నది. పేపర్ల గూడ ఇచ్చినం. ఇప్పుడు పేరు తీసేయాల్నా?"

"ఆయనే వాయించలేదంటున్నారు, ఉమైర్ భాయ్."

"నేనే వాయించిన అనేటోళ్లు మస్తు మంది ఉంటరు. వాయించలే అనేటోణ్ణి ఇప్పుడే చూస్తున్న. సరే, ప్రూఫ్ ఏది? కవర్ మీద ఆయన ఫోటోనే ఉండె. మాట మీద మారుస్తే రేపు ఇంకోడొచ్చి ఇంకోటి మార్చుమంటడు."

వాయించానని నిరూపించడం తెలుసు, వాయించలేదని నిరూపించడం ఎలాగో ఆమెకు అంతు పట్టలేదు. ఆ శనివారం మధ్యాహ్నం మినీడిస్క్ రికార్డరు పట్టుకుని తాను ఉండే బెడోక్‌లో రైలెక్కి బిషాన్ వెళ్లింది.

పదకొండో అంతస్తులో చిన్న ఫ్లాటు. తలుపు తీసింది ఆయన భార్య హ్వీ లెంగ్. ఒకప్పుడు అదే హోటల్ రిసెప్షన్‌లో పనిచేసిందట. గీతాంజలిని కూర్చోబెట్టి, మాట చివర ఈ ఊరి వాళ్ల 'లా' చేరుస్తూ, భర్త వినేలాగే అంది. "నువ్వైనా చెప్పు లా. ముప్ఫై రెండేళ్లయింది. ఎవరికి కావాలి ఇప్పుడు? హోటల్ వాళ్లకు తెలిస్తే ఊరుకుంటారా? ఆదివారం లంచ్ ప్రోగ్రాం ఒక్కటే మిగిలింది ఈయనకు."

డెరెక్ లేచి వెళ్లి 'స్టే బై ది గేట్' రికార్డు పెట్టాడు. ఎనిమిది స్వరాలు గదిలోకి వచ్చాయి, ఎవరో బరువైన అడుగులు వేసుకుంటూ నడిచి వస్తున్నట్టు. తర్వాత తన గిటార్ తీసి అవే వాయించాడు. గీతాంజలికి రెండూ ఒకేలా వినిపించాయి.

"మళ్లీ వినండి, స్వరం మొదలయ్యే చోట మాత్రమే వినండి. రోనీ పిక్‌తో వాయించేవాడు. ప్లాస్టిక్ బిళ్ల. అది తీగకు తగిలినప్పుడు టిక్‌మంటుంది. నేను ఏనాడూ పిక్ పట్టలేదు. వేళ్లే. నా దగ్గర ఆ చప్పుడు రాదు."

మూడోసారికి ఆమెకు వినిపించింది. ప్రతి స్వరం ముందూ గోరు తగిలినంత చిన్న చప్పుడు. డెరెక్ వాయించినదాంట్లో లేదు. ఆయన వాయింపు మెత్తగా, గుండ్రంగా ఉంది.

"ఇంకొకటి ఉంది. నాలుగో స్వరం వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది. పాటకు ప్రాణమంతా అక్కడే. ఎన్ని వేల సార్లు వాయించానో, నాకది ఒక్కసారీ రాలేదు."

అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో బాధ కన్నా మెప్పు ఎక్కువ ఉంది. వంటగది గుమ్మంలో నిలబడి వింటున్న హ్వీ లెంగ్, "ఈ మాట నాతో ఎప్పుడూ చెప్పలేదే," అంది మెల్లగా.

రైలు స్టేషను దాకా డెరెక్ తోడు వచ్చాడు. దారిలో, ఎందుకో తనకే తెలియకుండా, గీతాంజలి తన సంగతి చెప్పేసింది. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాడు ఆమె రెజ్యూమెలో రెండేళ్ల అనుభవం కలిపాడు. లేని కంపెనీ, లేని ప్రాజెక్టు. ఆమె సంతకం చేసింది. ఇక్కడ ఉద్యోగం దానితోనే వచ్చింది.

"ఇప్పుడు పని వచ్చా?" అని అడిగాడు డెరెక్.

"ఇప్పుడు వచ్చు అంకుల్." సర్ అనడం ఎప్పుడు మానేసిందో ఆమెకు గుర్తులేదు.

"నాకూ అంతే. వచ్చేసింది. అయినా గదిలోకి కొత్త మనిషి వస్తే, ఆ రెండేళ్ల గురించి అడుగుతాడేమోనని చూస్తుంటావు కదా?"

ఆమె తల ఊపింది. ఆయన చెప్పెయ్యమనీ అనలేదు, ఫరవాలేదనీ అనలేదు.

సోమవారం ఆమె రెండు వాయింపుల్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, తెర మీద గీతలుగా పరిచి ఉమైర్‌ను పిలిచింది.

"గీ ముల్లు లెక్క లేసిందేంది?" అన్నాడు వేలు పెట్టి.

"పిక్ తగిలిన చప్పుడు భాయ్. రికార్డులో ఎనిమిదింటికీ ఉంది. ఆయన వాయించినదాన్లో ఒక్కదానికీ లేదు."

ఉమైర్ చాలాసేపు చూశాడు. రెండుసార్లు విన్నాడు. కుర్చీ వెనక్కి జరిపి నిట్టూర్చాడు. "మార్చు. ప్రోగ్రాం మాత్రం ఆపొద్దు. వచ్చి గీ ముచ్చట ఆయననే చెప్పమను."

ప్రోగ్రాం జరిగింది. ఎనభై మందో ఎంతో చూశారు. బొమ్మ ఆగి ఆగి వచ్చింది. డెరెక్ కెమెరా ముందు కూర్చుని, రోనీ మంచం దగ్గర నేర్చుకున్న సంగతి దాచకుండా చెప్పి, తన తీరులో ఆ పాట వాయించాడు. తర్వాతి వారమే హోటల్ వాళ్లు పోస్టరు తీసేశారు, పోస్టరుతో పాటు ఆదివారం ప్రోగ్రాం కూడా. హ్వీ లెంగ్ నెల రోజులు గీతాంజలితో ముభావంగా ఉంది. డెరెక్ కమ్యూనిటీ క్లబ్బులో బేస్ క్లాసులు మొదలుపెట్టాడు. మొదట ముగ్గురే వచ్చారు.

మరుసటి ఏడు ఫిబ్రవరికి డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్నాయి. వీళ్లదీ మార్చి ఆఖరుకు మూసేస్తున్నట్టు చెప్పారు. ఉమైర్ అందరికీ సిఫారసు లేఖలు రాస్తున్నాడు. తన వంతు వచ్చినప్పుడు గీతాంజలి తలుపు వేసి, అమీర్‌పేట సంగతి చెప్పింది.

ఉమైర్ పెన్ను కింద పెట్టాడు. "ఇది నాకు చెప్పకపోతే మంచిగుండె, గీతా."

"తెలుసండి. కానీ మళ్లీ అదే కాగితం పట్టుకొని తిరగలేను."

అతను కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. ఆమె తన దగ్గర పనిచేసిన పదహారు నెలల గురించి మాత్రం రాసి ఇచ్చాడు. ఉత్తరం నిజాయితీగా ఉంది, బాగానే ఉంది. వెళ్లే ముందు, "నిగార్ నిన్ను ఇంటికి రమ్మంటున్నది. ఈద్‌కు రా," అన్నాడు. నిగార్ అతని భార్య.

సర్వర్లు ఆపడానికి నాలుగు రోజుల ముందు ఆఫీసు అడ్రసుకు ఒక ఈమెయిల్ వచ్చింది. పంపింది జానెట్ అనే ఆవిడ, వుల్వర్‌హాంప్టన్ లైబ్రరీ నుంచి. గీతాంజలి దాన్ని ప్రింటు తీసుకుని బిషాన్ వెళ్లింది. డెరెక్ కళ్లజోడు వెతుక్కుంటుంటే హ్వీ లెంగ్ అందుకుని పైకి చదివింది.

"నేను రోనీ ట్రస్కాట్ కూతుర్ని. నాన్న చనిపోయి నాలుగేళ్లయింది. ఆ పాట రేడియోలో వస్తే నాన్న వ్యాను పక్కకు ఆపి, సౌండు పెంచి, అది వాయించింది నేనే అనేవాడు. మా అన్నదమ్ములు, నేను, అమ్మ, ఎవరమూ నమ్మేవాళ్లం కాదు. కవరు తెచ్చి చూపించి ఆటపట్టించేవాళ్లం. ఆయన నవ్వేసి మళ్లీ వ్యాను తోలుకునేవాడు. నిన్న మీ పేజీ చూశాను. ఇప్పుడు ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలో తెలియడం లేదు."

హ్వీ లెంగ్ అక్కడితో ఆగి కాగితం భర్త చేతిలో పెట్టింది. డెరెక్ దాన్ని పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు. ఆయన భుజాలు కదలడం అద్దాల తలుపులోంచి కనిపించింది. గీతాంజలి లేవబోతే హ్వీ లెంగ్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఇన్ని నెలల తర్వాత ఆవిడ తన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

డెరెక్ జానెట్‌కు ఫోను చెయ్యలేకపోయాడు. ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది, మళ్లీ రాశాడు. ఈలోగా గీతాంజలి, ఉన్నది ఉన్నట్టు రాసుకున్న కొత్త రెజ్యూమె పట్టుకుని ఐదు నెలలు తిరిగింది. పదహారు నెలలు అని చూడగానే చాలామంది ఇంటర్వ్యూకు కూడా పిలవలేదు. ఆగస్టులో ఒక పాలిటెక్నిక్ లైబ్రరీలో కేటలాగు పని దొరికింది. చిన్న ఉద్యోగమే. ఆ కబురు చెప్పడానికి ఆదివారం బిషాన్ వెళ్లేసరికి ఫోను మోగుతోంది. చేసింది జానెట్. డెరెక్ రిసీవరు కుడి చెవికి మార్చుకుని, నిలబడే మాట్లాడాడు. ఆమె అడిగినదేమిటో హ్వీ లెంగ్‌కూ గీతాంజలికీ తర్వాత చెప్పాడు. 'నేను పుట్టకముందు మా నాన్న ఎలా ఉండేవాడు?' అని అడిగిందట.

ఆయన రోనీని చూసింది ఒక్క మధ్యాహ్నం మాత్రమే. ఆ మధ్యాహ్నాన్నే చెప్పడం మొదలుపెట్టాడు. గది కిటికీకి ఏ రంగు పరదా ఉంది, పిండికట్టు మీద ఎవరెవరు సంతకాలు పెట్టారు, టీ తెచ్చిన తల్లి ఏమంది, స్వరం తప్పు పట్టినప్పుడు రోనీ ఎలా కళ్లు మూసుకుని తల అడ్డంగా తిప్పాడు. చెబుతూ చెబుతూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హ్వీ లెంగ్ వంటగదిలో స్టవ్వు సిమ్‌లో పెట్టి, ఇంకో మనిషికి సరిపడా బియ్యం కడిగింది.