వాసన సోపు

ముఖేశ్‌కు రెండో సెలైన్ సీసా ఎక్కుతోంది. మూడేళ్ల బిడ్డ. 2006 వేసవి మొదలయ్యాక ఇది మూడోసారి వాంతులు, విరేచనాలు. తమిళనాడు ధర్మపురిలో ఆసుపత్రి మంచం పక్కన నిలబడి మా అత్త సరసమ్మ నా చేతులవైపు వేలు చూపిస్తోంది.

"బట్టల సోపుతో చేతులు కడుక్కోని బిడ్డకు అన్నం పెడతాది డాక్టరమ్మా. ఆ మందే కడుపులోకి పోయినాది."

నా భర్త తలూపాడు. "ఇంక ఇంటికి తెచ్చేది లేదు. పళ్లిపట్టిలో మా అక్క దగ్గర వదుల్తాను. నువ్వు అప్పుడప్పుడు వచ్చి చూసిపో."

చూసిపోవాలట, నేను కన్న బిడ్డను.

మా ఇంట్లో వాసన సోపు మగవాళ్లది. గూట్లో సగం విప్పిన కాగితంలోనే ఎండిపోతుంటుంది. నాకు బట్టలుతకగా మిగిలిన ముక్క. "గిన్నెలు తోమేదానికి వాసనెందుకే నీకు?" అన్నాడాయన, పెళ్లైన వారానికే. ఏడేళ్లుగా పేడ, మసి, బిడ్డ మలం, అన్నీ ఆ ముక్కతోనే వదిలించుకున్నాను. పోయిన నెల ఇదే నింద పడ్డప్పుడు రోషం వచ్చింది. మూడు బ్రెడ్డు ముక్కలు తెచ్చాను. బట్టల సోపుతో చేతులు కడిగి ఒకటి, దొంగతనంగా వాసన సోపుతో కడిగి ఒకటి పట్టుకుని వేరువేరు కవర్లలో కట్టాను. మూడోది పాలు పితికి వచ్చిన మా ఆయన చేతికిచ్చి, మెత్తగా ఉందో లేదో చూడమని, దాన్నీ కవర్లో కట్టాను. ఎనిమిదో రోజుకు అది నల్లగా బూజు పట్టింది. మిగతా రెండూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. చూపిస్తే అత్త మూడింటినీ పొయ్యిలో పడేసింది. "మొగోని చేతికే పరీచ్చ పెడతావా?"

డాక్టరమ్మ అరవంలో నన్నే అడిగింది. "సోపు ఏదైనా ఒకటే, బాగా రుద్ది కడిగితే చాలు. కడగని చెయ్యి ఎవరిది? బిడ్డకు ఇంకెవరు తినిపిస్తారు?"

సాయంత్రం పశువుల కొట్టంనుంచి వచ్చి, వేళ్లమీద చెంబెడు నీళ్లు పోసుకుని, తన పళ్లెంలోని సంగటి మొదటి ముద్ద కొడుకు నోట్లో పెట్టేది ఎవరో అత్తకూ తెలుసు. అయినా ఆమెకు భయం లేదు. మా ఇళ్లలో పెళ్లాం మొగుడి పేరు పలకదు. రేషన్ షాపులో అడిగినా పక్కవాళ్లే చెప్పాలి.

"పేరు చెప్పమ్మా, రాసుకోవాలి." డాక్టరమ్మ పెన్ను తీసింది.

ఆయన కళ్లలోకి సూటిగా చూశాను.

"ప్రభు," అన్నాను.