గురువారం వచ్చిన పోలీసు

స్మరాందా రుమేనియా నుంచి ఇటలీ వచ్చి రెండేళ్ళయింది. తొంభై ఏళ్ళ ఎర్సీలియా మామ్మకు స్నానం, మందులు, తిండి అన్నీ చూస్తూ ఆవిడ ఇంట్లోనే ఉంటోంది. మునిసిపాలిటీ కాగితాల్లో మాత్రం ఆ ఇంట్లో మామ్మ ఒక్కతే. కాళ్ళావేళ్ళా పడితే, కిందటి నెల మామ్మ కొడుకు ఆమె పేరు కూడా అక్కడ ఎక్కించడానికి ఒప్పుకుని సంతకం పెట్టాడు. వెంటనే దరఖాస్తు ఇచ్చింది.

స్మరాందాకు పిత్తాశయంలో రాళ్ళు. నొప్పి వచ్చిందంటే మెలికలు తిరిగిపోతుంది. ఇరవయ్యో తారీఖున ఆపరేషన్. ఆరోగ్య కార్డు లేనిదే ఆసుపత్రివాళ్ళు చేర్చుకోరు, ఊళ్ళో నివాసిగా నమోదు కానిదే కార్డు రాదు. నమోదు కావాలంటే మునిసిపల్ పోలీసు ఇంటికొచ్చి, మనిషి నిజంగా అక్కడే ఉంటోందని చూసి రాసుకోవాలి. ఎప్పుడొస్తాడో ముందుగా చెప్పడు.

అందుకే బెల్లు కింద తన పేరు చీటీ అంటించింది. మామ్మకు పదిసార్లు చెప్పింది. "పోలీసొస్తే, ఉంటోంది, బయటికెళ్ళింది అనండి, అంతే."

"సరేలేవే, నాకేం మతిపోయిందా?" అంది మామ్మ.

గురువారం మధ్యాహ్నం ఇలా ముసలివాళ్ళను చూసుకునే ఆడవాళ్ళందరికీ సెలవు. బస్టాండు వెనక పార్కులో చేరి, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ సొంత భాషలో నవ్వుకునే మూడు గంటలవి. స్మరాందా మూడు గురువారాలు మానుకుంది. నాలుగోసారి మనసు ఆగక వెళ్ళింది. ఆ రోజు వీళ్ళెవరూ ఇళ్ళలో ఉండరని ఊరంతా ఎరుగును. పోలీసు మాత్రం ఎరగడట! ఆ రోజే వచ్చాడు.

తిరిగొచ్చేసరికి బెల్లు కింద చీటీ లేదు. గుమ్మంలో చెప్పులు లేవు, సబ్బు పక్కన బ్రష్షు లేదు. మామ్మ కుర్చీలో వెలిగిపోతూ కూర్చుంది.

"వచ్చాడే! నువ్వటు వెళ్ళగానే చీటీ పీకేశాను. తర్వాత కిటికీలోంచి టోపీ చూశాను. నేను తలుపు తీసేలోగా నీ సామాను బీరువా వెనక్కి తోసేశాను. నీ మంచం మీద నా ఉన్ని దుప్పట్లు పేర్చాను. గది తొంగి చూసి, ఇక్కడెవరుంటారని అడిగాడు. ఎవరూ లేరు నాయనా, నేనొక్కదాన్నే అన్నాను. రాసుకుని పోయాడు వెధవ!"

"మామ్మగారూ! ఉన్నానని చెప్పమన్నాను కదా!"

"నీకేం తెలుసే? బెల్జియంలో మీ తాతగారు బొగ్గు గనిలో చేసేటప్పుడు మా తమ్ముడు కాగితాల్లేకుండా మాతో ఉండేవాడు. పోలీసొచ్చి అడిగితే, పిచ్చిదాన్ని, ఉన్నాడని నిజం చెప్పాను. కళ్ళముందే పట్టుకుపోయారు. మళ్ళీ వాణ్ణి చూడలేదు." మామ్మ కళ్ళు తుడుచుకుంది. "నిన్ను కూడా పోగొట్టుకుంటానా?"

స్మరాందా బీరువా వెనకనుంచి తన చెప్పులు, బ్రష్షు తీసుకుంది. మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేస్తే, దరఖాస్తు కొట్టేశామని, మళ్ళీ పెట్టుకుంటే నలభై అయిదు రోజులు పడుతుందని చెప్పారు. అప్పటికి ఆపరేషన్ తారీఖు వారం రోజుల్లో ఉంది. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు.

మధ్యాహ్నం సూప్ తాగిస్తుంటే కుడి డొక్కలో పోటు లేచింది. చెంచా గిన్నెలో పడేసి, బల్ల అంచు పట్టుకుని వంగిపోయింది.

మామ్మ ఆమె జుట్టు నిమిరింది. "భయపడకే పిల్లా. ఎన్నిసార్లు రానీ, నేనున్నంతకాలం నువ్వీ ఇంట్లో లేవనే చెప్తాను."