ఎర్రచుక్క ఆగిన ఇల్లు

శనివారం మధ్యాహ్నం టైలరమ్మ కొట్టు పెందలాడే మూసేస్తుంది. మిషను మీద ముసుగు కప్పి, దారప్పోగులు ఊడ్చి, తాళం వేసి బస్సెక్కాక గానీ మెడలో టేపు అలాగే ఉందని చూసుకోదు. దాన్ని చుట్ట చుట్టి సంచిలో వేసుకుంటుంది. బస్సు దిగితే ఎదురుగా మ్యూజియం. రోడ్డు మీద ఎలా నడుచుకోవాలో పిల్లలకి చెప్పడానికి పెట్టిన మ్యూజియం అది. పాత సిగ్నలు దీపాలు, పగిలిన హెల్మెట్లు, నుజ్జునుజ్జయిన కారు ఒకటి. అన్నీ దాటాక చివరి గదిలో, దిమ్మె మీద, వాళ్ల చిన్నోడి బండి.

ఉన్న కొడుకు ఒక్కడే. అయినా చిన్నోడే అనేవాళ్లు.

ఆవిడ వెళ్లే వేళకి గాలిపంపు బండి పక్కన గొంతుక్కూర్చుని ఉంటాడు. ఆ గదికి కాపలాదారు. టైర్లకి గాలి కొట్టేది అతనే గనక ఆ పేరు స్థిరపడిపోయింది.

"రండమ్మా. నిన్న వానలో తిరిగొచ్చాడు మీవాడు. చూడండి ఈ బురద," అన్నాడు గుడ్డ పిండుతూ.

"గొడుగు పట్టుకెళ్లమంటే ఎప్పుడు విన్నాడు గనక."

సాయంత్రం ఆరు కాగానే ఆ బండి తనంతట తను స్టార్టవుతుంది. దిమ్మె దిగి, నుజ్జయిన కారుకి తగలకుండా తప్పుకుని, పక్క తలుపు లోంచి రోడ్డెక్కుతుంది. ఓ గంటలో వచ్చి స్టాండు వేసుకుంటుంది. ముందు చక్రం కాస్త వంకర. దారిలో జనం ఆ వంకర చూసి కొంచెం పక్కకి జరుగుతారు, అంతే. గాలిపంపు ఆరుకి ముందే గడియ తీసి ఉంచుతాడు. పెట్రోలు మ్యూజియం వాళ్లే పోయిస్తారు.

మొదట్లో బండి ఇంట్లోనే ఉండేది. రోజూ ఆరింటికి గేటు తోసుకుని వెళ్లిపోయేది. వాళ్లాయన రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకునేవాడు.

"ఎటు పోతున్నాడో చెప్పి పోతే వాడి సొమ్మేం పోయింది? బతికున్నప్పుడూ ఇదే వరస," అనేవాడు. చివరికి తనే మ్యూజియానికి ఇచ్చి వచ్చాడు.

ఎటు పోతున్నాడన్నదే టైలరమ్మకీ ముల్లు. చిన్నోడి ఉద్యోగం ఊరికి ఈ చివర, కోల్డ్ స్టోరేజిలో. ప్రాణం పోయింది ఆ చివర రోడ్డు మీద. అక్కడ వాడికేం పని? పోలీసులు "అతివేగం" అని రాసుకుని కాగితం మడిచేశారు. ఎందుకో, ఎక్కడికో వాళ్లకి అక్కర్లేదు. ఆవిడకి అదొక్కటే కావాలి. ఒకసారి బండి వెనకాల పరిగెత్తింది. మలుపు తిరిగేసరికి వీధి ఖాళీ.

ఈ మధ్య మ్యూజియానికి యాప్ వచ్చింది. ప్రతి వస్తువు కింద చిన్న చదరపు గుర్తు అంటించారు. దానికి ఫోను చూపిస్తే వస్తువు మాట్లాడుతుంది.

"వస్తువు మూగమొద్దులా నిలబడితే ఈ కాలం పిల్లలకి ఏం ఎక్కుతుందమ్మా?" అన్నాడు క్యురేటరు, ఆవిడ ఫోను తీసుకుని తనే యాప్ ఎక్కిస్తూ. "ఇప్పుడు చూడండి, మీ బండి దగ్గర ఎంత రద్దీయో."

నిజమే. ఒక స్కూలు స్కూలంతా అక్కడే ఉంది. ఆ యూనిఫాంలు ఆవిడ కుట్టినవే. ముందు నిలబడ్డ పిల్లాడి లాగు అంచు మొన్ననే వదులు చేసింది. ఆవిడ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని ఫోను చూపించింది.

హుషారైన చిన్నపిల్ల గొంతు. "హాయ్ ఫ్రెండ్స్! నేనొక మోటారు సైకిల్‌ని! నన్ను నడిపిన అన్నయ్య చాలా మంచివాడు. కానీ ఒకరోజు తొందరపడ్డాడు…"

తెర మీద బండి సొట్టలు వాటంతటవే పూడాయి. రంగు మెరిసింది. దీపం వెలిగింది. కొన్న రోజున ఎలా ఉందో అలా. ఆవిడ తెరని కళ్లకి దగ్గరగా పట్టుకుంది. అంతలో ఢామ్మని చప్పుడు. మళ్లీ సొట్టలు. కింద ఒక ప్రశ్న: అన్నయ్య చేసిన తప్పు ఏది? మూడు జవాబులు. హెల్మెట్ పెట్టుకోకపోవడం. అతివేగం. సిగ్నల్ దాటడం.

ఆవిడ మూడూ చదివింది. "ఏమీ లేదు" అనేది ఎక్కడుందా అని తెరని కిందికీ పైకీ జరిపి చూసింది. లేదు.

"టైలరాంటీ, రెండోది నొక్కండి! రెండోది నొక్కితే చుక్కలు రాలతాయి!" అన్నాడు లాగు పిల్లాడు. పాపం, మంచికే చెప్పాడు.

యాప్ చేసిన మేడమ్ ఆ పక్కనే ఉంది, పిల్లల ముఖాలు చూసి మురిసిపోతూ. టైలరమ్మ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, తొందరపడ్డాడు అన్న ఆ ఒక్క మాట తీసేస్తారా?"

"రిపోర్టులో ఉన్నదే చెప్పించామాంటీ. మేం కల్పించింది కాదు." ఆ అమ్మాయికి నిజంగానే బాధేసినట్టుంది. "పోనీ, మీకొకటి చూపిస్తానుండండి. వస్తువు ఏ గదిలో ఉందో వెతుక్కోడానికి అన్నిటికీ చిప్ పెట్టాం. ఇదిగో మ్యాపు. ఈ ఎర్రచుక్క మీ బండి. ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు."

ఆవిడ ఆ మేడమ్ చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో నిలబడే ఫోను చూసింది. ఆరింటికి చుక్క కదిలింది. గదుల గీతలు దాటి ఊళ్లోకి వచ్చింది. మార్కెట్టు దాటింది. వాళ్ల వీధి మొగ దాకా వచ్చింది. ఆవిడ స్టవ్ ఆపి గుమ్మంలోకి పరిగెత్తింది. వీధి మొగలో బండి కనిపించింది కూడా. ఈ వైపు తిరగలేదు. నిదానించనైనా లేదు.

"ఏమైందే?" అన్నాడు ఆయన లోపల్నుంచి.

"ఏం లేదు. ఎవరో పిలిచారేమో అని."

చుక్క ఊరి ఆ చివర ఒక సందులోకి వెళ్లి ఒక ఇంటి ముందు ఆగింది. మళ్లీ కదిలి పెద్దాసుపత్రి గేటు దాకా వెళ్లింది. అక్కణ్నుంచి తిన్నగా మ్యూజియానికి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మంగళవారం కొట్టు తెరవలేదు. బస్సు మారి ఆరు దాటేసరికి ఆ సందుకి వెళ్లింది. నీలం గేటు. గేటు మీద చేతులు ఆనించి, భుజాన సంచితో, తెల్ల యూనిఫాంలో ఒక పిల్ల. నర్సు. యూనిఫాం నడుం దగ్గర సరిగ్గా కుదరలేదు, ఎవరో చేతకాని వాళ్లు కుట్టారు.

ఆ పిల్ల ఈవిడని చూడగానే తడబడింది. "అత్త…" అని నాలిక్కరుచుకుని, "ఆంటీ, రండి," అంది.

"నేనెవరో తెలుసా?"

"ఫోటోలో చూశాను. మీ గడ్డం చూస్తే ఎవరైనా చెప్తారు. అచ్చు దింపాడు."

"మరి నాకెందుకు తెలీదు నువ్వు?"

ఆ పిల్ల గేటు రంగుని గోటితో గీకింది. "చెప్తానన్నాడాంటీ. మీరు యూనిఫాంల హడావుడిలో ఉన్నారట. పలకరిస్తే కత్తెర పుచ్చుకుని మీదికొచ్చేలా ఉందిరా అమ్మ, స్కూళ్లు తెరిచాక చెప్తా అన్నాడు."

ఆ ఏడు స్కూళ్లు తెరిచేనాటికి వాడు లేడు.

కత్తెర మాట వాడిదే. ఆ వెటకారం ఇంకెవరికీ రాదు. వాడి మాట ఒకటి తనకి తెలియకుండా ఇన్నాళ్లూ ఈ పరాయిపిల్ల నోట్లో ఉంది. అది ఆవిడకి కారంలా తగిలింది.

బండి వచ్చింది. చొట్టబోయిన ట్యాంకు, ఒంటి దీపం. ఆవిడ ముందుకెళ్లి ట్యాంకు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. బండి ఆవిడ దగ్గర ఆగలేదు. చేతి కింద నుంచి జరిగి నీలం గేటు ముందుకెళ్లి నిలబడింది. తల్లిని చూసి హారనైనా కొట్టలేదు.

నర్సు పిల్ల సీటు మీద ఒక్క చరుపు చరిచింది. "ఇప్పుడా రావడం? డ్యూటీకి లేటైంది. త్వరగా పోనీ."

టైలరమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "రోజూ ఇలాగే అంటావా?"

"ఎలాగాంటీ?"

"త్వరగా అని."

ఆ పిల్ల ఒక కాలు పైకెత్తి అలాగే ఉండిపోయింది. "అలవాటాంటీ," అంది. ఎక్కి కూర్చుంది. బండి రివ్వున పోయింది.

ఆ వారమే క్యురేటరు కబురు చేసి పిలిపించాడు. "అమ్మా, ఏమీ అనుకోకండి. సాయంత్రం వచ్చేవాళ్లు మీ బండి లేదని యాప్‌లో రేటింగు ఒక్క చుక్కే ఇచ్చి పోతున్నారు. టిక్కెట్టు కొన్నదే దానికోసమట. దిమ్మెకి బోల్టులు బిగించేద్దామనుకుంటున్నాం. ఇచ్చింది మీరు గనక అడగాలిగా."

గాలిపంపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బోల్టులు వద్దు," అంది టైలరమ్మ. "వాణ్ని కట్టేస్తే ఊరుకోడు. నాకు కొన్నాళ్లు గడువివ్వండి. అక్కడ వాడికి పని లేకుండా పోతే వాడే మానేస్తాడు."

మర్నాటినుంచి ఆవిడ ఆరింటికి ముందే మ్యూజియానికి వచ్చేది. పక్కకి తిరిగి వెనక సీటు మీద కూర్చునేది. సంచి ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో సీటు అంచు పట్టుకుని. గాలిపంపు తలుపు తీస్తూ, "జాగ్రత్తమ్మా, గతుకుల్లో," అనేవాడు.

బండి నడిచిందంటే నడిచింది. నెత్తిన నీళ్ల కుండ పెట్టుకున్నట్టు నడిచింది. గతుకు కనిపిస్తే ఆగి, చుట్టూ తిరిగి వెళ్లేది. సైకిళ్లు దాటిపోయేవి. కర్ర పట్టుకుని నడిచే ముసలాయన దాటిపోయాడొకసారి, పైగా వెనక్కి తిరిగి నవ్వాడు. బతికున్నప్పుడు వాడు రోజూ అడిగేవాడు, "ఎక్కమ్మా, కొట్టు దగ్గర దింపుతా, గుడ్డులా పట్టుకెళ్తా," అని. ఆవిడ ఎప్పుడూ ఎక్కలేదు. భయం ఒకటి, పని ఒకటి.

వాడు మాట తప్పలేదు. గుడ్డులానే పట్టుకెళ్లాడు. సందులోకి చేరేసరికి వీధి దీపాలు వెలిగేవి. నీలం గేటు గడియ వేసి ఉండేది. ఆ పిల్ల నడుచుకుంటూనో, దొరికిన బస్సెక్కో వెళ్లిపోయి ఉండేది. బండి కాసేపు ఆగి, తిరుగు ముఖం పట్టేది. ఆవిడకి గాలి చల్లగా తగిలేది. హాయిగా ఉండేది. చెప్పుకుంటే సిగ్గు, చాలా హాయిగా ఉండేది.

ఒకరోజు మాత్రం ఆ పిల్ల గేటు దగ్గరే ఉంది. డ్యూటీ వేళ ఎప్పుడో దాటిపోయినా నిలబడే ఉంది.

"మీరు దిగితే నేనెక్కుతానాంటీ," అంది. అరవలేదు, ఏడవలేదు.

టైలరమ్మ సంచి సవరించుకుంది. దిగలేదు.

"ఆలస్యమవుతోందని ఆసుపత్రిలో రోజూ తిడుతున్నారు."

"ముందే బయల్దేరితే సరి."

"అది కాదాంటీ," అని ఆ పిల్ల ఇంకేదో అనబోయింది. బండి హ్యాండిలు వైపు చూసింది, ఎవరైనా కూర్చుని ఉంటే మొహం ఉండేచోటికి. "మీరు పక్కనుంటే వీడు నోరు మెదపడు. నాకు తెలుసు," అంది. నడిచి వెళ్లిపోయింది.

తరవాత ఆవిడకి, పెద్దాసుపత్రి దగ్గర విని వచ్చిన గాలిపంపు ద్వారా తెలిసింది. ఆ పిల్ల అన్నగారు వేరే ఊళ్లో ఆసుపత్రిలో ఉద్యోగం చూశాడట. అక్కడే సంబంధం కూడా చూశాడట. ఇన్నాళ్లూ వద్దు వద్దన్న పిల్ల ఈసారి సరేనందట. "మంచిదేలెండమ్మా," అన్నాడు గాలిపంపు. గుడ్డ పిండుతూనే ఉన్నాడు. గుడ్డలో నీళ్లు లేవు.

ఆ సాయంత్రం బండి సందులోకి వెళ్లేసరికి నీలం గేటుకి తాళం. తాళం పైన 'అద్దెకు ఇవ్వబడును' అన్న అట్ట. కిటికీలకి తెరల్లేవు.

బండి ఆగింది. ఎప్పట్లాగే కాసేపు ఆగి తిరుగుతుందిలే అనుకుంది ఆవిడ. తిరగలేదు. ఇంజిను అలా మోగుతూనే ఉంది. వీధి దీపాలు వెలిగాయి. పక్కింటి వంటల వాసన వచ్చి పోయింది.

"పద నాన్నా," అంది.

ఇంజిను ఆగిపోయింది. బండి తనే స్టాండు వేసుకుంది, ఆవిడ దిగడానికి వీలుగా ఒక పక్కకి ఒరిగి.

దిగింది. హ్యాండిలు పట్టుకుని లాగింది. వెనకనుంచి తోసింది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. బస్సెక్కి ఇంటికెళ్లింది. ఆ రాత్రి ఫోనులో ఎర్రచుక్క ఆ ఇంటి ముందే ఉంది. మర్నాడూ ఉంది.

మ్యూజియానికి పెద్ద నష్టమేం జరగలేదు. యాప్ మేడమ్ మ్యాపులో ఆ సందు దాకా బాణం గీసింది. మ్యూజియం గేటు దాటాక ఎటు తిరగాలో చెవిలో ఆ చిన్నపిల్ల గొంతే చెప్తుంది. ఆరుబయట వస్తువు చూడటం బాగుందని జనం అయిదేసి చుక్కలిస్తున్నారు. గాలిపంపు రెండు బస్సులు మారి వెళ్లి గాలి కొట్టొస్తున్నాడు. ఆ ఇల్లు ఇంకా అద్దెకి పోలేదు.

ఇప్పుడు టైలరమ్మ శనివారాలు అక్కడికే వెళ్తోంది. మొన్న వెళ్లేసరికి ఒక స్కూలు పిల్లలు ఫోనులు ఎత్తి పట్టుకుని బండి చుట్టూ మూగి ఉన్నారు. ఆవిడ వాళ్ల వెనకాల నిలబడింది. ముందుకి దారి ఇమ్మని అడగలేదు.

ఎదురింటావిడ చేటలో ఏదో ఏరుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంది. ఈవిడని ఎగాదిగా చూసింది.

"వారం వారం వస్తున్నారు, ఆ బండి మీదేనా? కాస్త తీయించుకుపోండమ్మా. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు. గేటుకి అడ్డంగా పెడితే ఎవరు దిగుతారు చెప్పండి?"

టైలరమ్మ పిల్లల తలల మీదుగా బండి వైపు చూసింది. ముందు చక్రం గేటుకి ఆనుకుని ఉంది, తియ్యగానే లోపలికి పోడానికి సిద్ధంగా ఉన్నట్టు.

"మాది కాదండీ," అంది. "ఈ ఇంట్లో ఉండే అమ్మాయిది."