ఎడమవైపు పాడిన రెస్తి

ఈ మధ్య వచ్చే ఆల్బమ్‌లన్నీ బక్కచిక్కిపోయాయి. కడుపుమంటతో అంటున్న మాట కాదు, విని విని చెబుతున్నాను. 'పగిలిన కుర్చీ' వాళ్ల కొత్తది తీసుకోండి. పోయినసారి రెండు గిటార్లు వంటింట్లో గిన్నెలు దొర్లినట్టు ఒకదాని మీద ఒకటి పడేవి, ప్రాణం లేచి వచ్చేది. ఈసారి ఒక్క గిటారే ఉంది. అదీ సర్కారు ఆఫీసు గుమస్తాలా వేళకు వచ్చి వేళకు పోతోంది. జోగ్జాకార్తా పిల్లలది 'మధ్యాహ్నం నిద్ర' అని ఒక బ్యాండ్ ఉంది. తీయటి పాప్, కాదనను. కానీ పంచదార నీళ్లు కలిపి పండ్ల ముక్కలు వేయడం మరిచిపోయినట్టుంది. సురబాయా నుంచి వచ్చిన ఆ గోలగాళ్లయితే డ్రమ్ముల్లో సగం ఇంట్లోనే వదిలేసి వచ్చారు.

ఇవన్నీ నా పేజీలో రాసినవే. పేజీ పేరు 'చెవి మాట'. రాసేది నేను, యూయున్, బాండుంగ్‌లో యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో పనిచేస్తాను. సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు. సిటీ వ్యాన్‌లో వస్తూ పోతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, నచ్చిందీ నచ్చనిదీ నాలుగు ముక్కలు గిలికేస్తాను. ఊళ్లో బ్యాండ్లవాళ్లు తిట్టుకుంటూ చదువుతారు, అయినా చదువుతారు. మా ఊళ్లో ఎవరూ ఎవర్నీ మొహం మీద ఒక మాట అనరు. ఆల్బమ్ విని 'పర్వాలేదు' అన్నారంటే ఇక దాని పని అయిపోయినట్టే. అందుకని కడిగేసే పని నా మీద పడింది.

ఆ బక్కచిక్కిన ఆల్బమ్‌ల పోస్టు కింద ఒకబ్బాయి కామెంట్ పెట్టాడు. "అక్కా, నువ్వు విన్నది ఏ ఆల్బమ్? 'పగిలిన కుర్చీ'లో రెండు గిటార్లూ పాట పొడుగునా కొట్టుకు చస్తున్నాయిగా." నేను నవ్వు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. ఆ పూట మాత్రం అన్నం సహించలేదు.

ఎందుకంటే నాకు అప్పటికే అనుమానం ఉంది. లెంబాంగ్ కొండ మీద వానలో తడుస్తూ కచేరీ చూసి వచ్చి జ్వరపడ్డాను. జ్వరం తగ్గింది కానీ ఎడమ చెవిలో నీళ్లు నిలిచినట్టు ఉండిపోయింది. ఎక్కడో దూరంగా టీ కెటిల్ కూస్తున్నట్టు ఒకటే సన్నటి మోత. ఇయర్‌ఫోన్ ఎడమవైపు పలకడం మానేసింది కూడా అప్పుడే. తీగ తెగి ఉంటుందనుకున్నాను. ఫుట్‌పాత్ మీద కొన్న సరుకు, తెగకేం చేస్తుంది? పోయింది తీగో చెవో తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. ఎడమ చెవిలోది తీసి కుడి చెవిలో పెట్టుకుంటే చాలు. ఆ చాలన్న పనే నా వల్ల కాలేదు. చేయి చెవి దాకా వెళ్లేది, జుట్టు సర్దుకుని దిగిపోయేది. తీగైతే కొత్తది కొనుక్కోవచ్చు. హఠాత్తుగా పోయిన వినికిడికి వెంటనే మందు పడకపోతే ఇక తిరిగి రాకపోవచ్చని ఫోన్‌లో ఎక్కడో చదివాను. చదివి ఆ పేజీ మూసేశాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం గురించి విన్నాను కానీ, ఆ పిల్లికి లోపల ఎంత దడగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

షాపులో ఎడమపక్క నిలబడి పిలిచినవాళ్లకు కోపాలు వచ్చేవి. మిషను చప్పుడండీ అని సర్దిచెప్పేదాన్ని. రోడ్డు దాటుతుంటే హారన్ ఎటునుంచి వస్తోందో తెలియక ఒకసారి మోటార్‌సైకిల్‌కి ఎదురు వెళ్లాను. అతను తిట్టిన తిట్టు మాత్రం బాగానే వినిపించింది.

ఇలా ఉండగా 'చిన్న గొడుగు' వాళ్ల కొత్త ఆల్బమ్ నా దగ్గరకు వచ్చింది. అది మా రెస్తి బ్యాండ్. రెస్తీ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం, నా మొదటి క్యాసెట్ తను ఇచ్చిందే. గిలాంగ్ ముందు పాడతాడు, రెస్తి రెండో గొంతు. విడుదలకు ముందే పేజీలో రాయమని గిలాంగ్ పాటలు పంపాడు. మొదటి నుంచి చివరి దాకా విన్నాను. గిలాంగ్ ఒక్కడే పాడుకుంటున్నాడు. మధ్యమధ్యలో ఎవరికోసమో ఆగుతున్నాడు, ఎవరూ రావడం లేదు. నాకు ఒళ్లు మండింది. ఇంత మంచి గొంతును పక్కన పెట్టేస్తారా అనుకుని ఆ మంటలోనే రాసేశాను. 'గిలాంగ్ గోడతో మాట్లాడుకున్నాడు. రెస్తి ఏమైంది, ఎవరి పెళ్లి భోజనానికి వెళ్లింది?' అని.

జనం ఊరుకుంటారా? రెస్తి బ్యాండ్ వదిలేసిందట, గిలాంగ్‌తో చెడిందట అని పేజీ నిండా గోల. రెస్తి మాత్రం ఒక్క మాట రాయలేదు. నేను పంపిన మెసేజ్‌లు చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. నేను రాసింది నిజమైతే తను నాతోపాటు ఏడవాలి, అబద్ధమైతే వచ్చి నన్ను తన్నాలి. రెండూ చేయడం లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం కాంగ్ దెదెన్ క్యాసెట్ల కొట్టు మేడ మీద కూర్చున్నాం. ఆల్బమ్ బయటికి రాకముందు స్నేహితుల్ని చాప మీద కూర్చోబెట్టి వినిపించడం మా దగ్గర అలవాటు. విన్నాక మైకు చేతులు మారుతుంది, ప్రతివాళ్లూ ఏదో ఒకటి చెప్పాలి. కాంగ్ అంటే అన్న, దెదెన్ మా అందరికీ పెద్దన్న లాంటివాడు. క్యాబేజీ బజ్జీలు, అల్లం బెల్లం వేసి కాచిన వేడి నీళ్లు పెట్టాడు. బయట వాన కొడుతోంది. రెస్తి ఎదురుగా కూర్చుంది, నా వైపు చూడలేదు.

స్పీకర్లలో మొదటి పాట మొదలైంది. గిలాంగ్ ఒక మాట అని ఆగాడు. ఆ ఖాళీలో రెస్తి గొంతు వచ్చింది.

ముందు నాకు సంతోషమే వేసింది. నా పోస్టు చూసి రెస్తి గొంతు తర్వాత కలిపారు, అంతే అనుకున్నాను. పక్కనున్న గిలాంగ్‌ని గుసగుసగా అడిగాను. నీకు పంపినవే పాటలు, ఏం మార్చలేదు అన్నాడు. చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. తర్వాతి పాటల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

మైకు వరస తిరిగింది. అందరూ బ్రహ్మాండం అన్నారు. నా దగ్గరకు రాగానే రెస్తి నోరు విప్పింది.

"అందరి ముందూ చెప్పు. నేను పాడానా, పెళ్లి భోజనానికి వెళ్లానా?"

"నా ఇయర్‌ఫోన్ పాడైందే. ఎడమవైపు పలకదు," అన్నాను.

అందరూ నవ్వారు. రెస్తి నవ్వలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అని. మా అమ్మ చదివిందే నీ పోస్టు. నిన్ను తీసేశారా అని రాత్రంతా ఏడ్చింది."

కాంగ్ దెదెన్ సర్దిచెప్పబోయాడు. చవక సరుకు అంతేలే, రెండు గొంతుల్నీ చెరోవైపు పెట్టారు కదా, ఎడమది పోతే రెస్తి పోయినట్టే అంటూ నా మెడలో వేలాడుతున్న ఇయర్‌ఫోన్లు తీసుకున్నాడు. వద్దు అనేలోపే చొక్కాకు తుడిచి తన చెవుల్లో పెట్టుకుని, నా ఫోన్‌లో పాట నొక్కాడు. కళ్లు మూసుకుని కాసేపు తలూపాడు.

"బాగానే ఉందే. కుడివైపు గిలాంగ్, ఎడమవైపు రెస్తి. ఎక్కడ పాడైంది?"

మళ్లీ నవ్వులు. అబద్ధం దొరికిపోయిందనుకున్నారు. దొరికింది అబద్ధమైతే ఎంత బాగుండేది. నేను ఇయర్‌ఫోన్లు తీసుకుని, ఇన్నాళ్లూ చేయలేని పని చేశాను. ఎడమది కుడి చెవిలో పెట్టుకున్నాను.

గిలాంగ్ లేడు. రెస్తి ఒక్కతే పాడుతోంది. గాలి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. ఆ ఖాళీల్లోకి వచ్చి, ఒక్కో మాటా అడిగి, జవాబు కోసం ఆగుతోంది. పాట అయ్యేదాకా విన్నాను. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో గమనించలేదు.

"చాలా బాగా పాడావే," అన్నాను.

"ఇప్పుడా చెప్పడం?"

"ఇప్పుడే విన్నాను. నాకు ఎడమ చెవి వినపడటం లేదు రెస్తీ."

మైకు నా ఒళ్లోనే ఉందని అప్పుడు తెలిసింది. ఆ మాట స్పీకర్లలో గదంతా వినిపించింది.

రెస్తి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. ఏదో అంటున్నట్టు పెదవులు కదిలాయి, నాకు అందలేదు. తను కూర్చున్నది ఎడమవైపు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది, లేచి కుడివైపుకు వచ్చి కూర్చుని మళ్లీ అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

చెప్పాను. రెస్తి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆసుపత్రికి పద అంటూ, మెట్ల దగ్గర కుప్పగా పడి ఉన్న చెప్పుల్లో నావి వెతకడం మొదలుపెట్టింది.