డెబ్బై రెండు దగ్గర ఆగిన ట్యాంకు

బుధవారం పొద్దున్న ఆరున్నరకి నలభై ఇళ్ళ కుళాయిలు బుస్సుమని గాలి వదిలి ఊరుకున్నాయి. ఆ సమయానికి, ఆ ఇళ్ళ నీళ్ళ మోటారు చూసుకునే ట్యాంకత్త పంపుగదిలో స్టూలు మీద నిశ్చింతగా కూర్చుని ఉంది. ఎదురుగా గోడకున్న బోర్డు మీద ఎర్రటి అంకెలు డెబ్బై రెండు అని చూపిస్తున్నాయి. అంటే కొండ మీది ట్యాంకులో నూటికి డెబ్బై రెండు పాళ్ళు నీళ్ళున్నాయన్నమాట. నలభైకి దిగితేనే మోటారు వెయ్యాలి.

ముందుగా వచ్చింది ఇస్త్రీ ఆయన, చేతిలో ఖాళీ బకెట్టుతో.

"ఏం ట్యాంకత్తా, ఇవాళ నీళ్ళకి సెలవా?"

"డెబ్బై రెండుందయ్యా. నీ కుళాయి పట్టేసిందేమో చూసుకో."

"నా ఒక్కడి కుళాయా? వీధి వీధంతా నోళ్ళు తెరుచుకునుంది. బోర్డు మీది నీళ్ళు బకెట్లో పట్టుకెళ్ళమంటావా?"

ఆవిడ స్పానరు తీసుకుని మెట్లెక్కింది. నూట ఎనభై మెట్లు. ఏడాదిగా ఎక్కే అవసరం లేకపోయేసరికి మోకాళ్ళు తొంభయ్యో మెట్టు దగ్గరే మొరాయించాయి. పైన ఇనుప ట్యాంకు పక్కన నిలబడి, ఎప్పటిలాగే కింద నుంచి పైకి కొట్టబోయింది. ఇరవయ్యేళ్ళు ఆవిడ నీటిమట్టం చూసింది అలాగే. నీళ్ళున్న చోట ఇనుము మొద్దుగా పలుకుతుంది, ఖాళీ చోట గంటలా మోగుతుంది. ఆ రోజు మొదటి దెబ్బకే, అట్టడుగునే, గంట మోగింది.

దిగివచ్చి మోటారు వేసేసరికి పంపుగది ముందు జనం పోగయ్యారు. ఆ నలభై ఇళ్ళ సంఘం అధ్యక్షుడు కూడా వచ్చాడు. ఆయన లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. మాట కూడా లెక్కలాగే తేల్చి చెబుతాడు.

"ఒకసారైతే పొరపాటమ్మా. ఆదివారం మీటింగులోపు ఇంకోసారి ట్యాంకు ఎండితే, పంపుగది తాళంచెవి నా బల్ల మీద పెట్టెయ్. మోటారు దానంతటదే వేసుకునే యంత్రాలున్నాయట. అది పెట్టిద్దాం."

"మీ ఇష్టం మాస్టారూ," అంది గానీ, ఆవిడ చెయ్యి మొలనున్న తాళంచెవి మీదకి పోయింది. మొగుడు చనిపోయినప్పుడు ఆ తాళంచెవి చేతికొచ్చింది. అది మొలకి చెక్కుకుంటేనే ఆవిడకి తెల్లవారినట్టు.

బోర్డు మాత్రం డెబ్బై రెండే చెబుతోంది, మొండి పిల్లాడిలా.

ఆ బోర్డు పెట్టింది ఆవిడ మరిది. పంపుగది పక్కిల్లే అతనిది. ముందు గదిలో రేడియోలు, మిక్సీలు బాగుచేస్తాడు. వదిన మోకాళ్ళ బాధ చూడలేక నిరుడు ట్యాంకు మీద నీటిమట్టం కొలిచే చిన్న పరికరం బిగించాడు. అది గాల్లోకి సన్నటి రేడియో మాట వదిలితే, తన డాబా మీది పెట్టె పట్టుకుని, ఇంట్లో నెట్ ద్వారా దూరాన ఎక్కడో ఉన్న కంప్యూటరుకి అందిస్తుంది. అక్కణ్ణుంచి అంకె బోర్డు మీదకి వస్తుంది. పెట్టె ఒక్క ట్యాంకు కోసమే కాదు. మూడు వీధుల అవతల నారుమొక్కలు పెంచే ఆయన షెడ్డులో వేడి ఎంతో, వాగులో నీళ్ళు ఎంత లేచాయో, అన్నీ అదే మోస్తుంది. ఎవరి పరికరం పిలిచినా పలుకుతుంది. అది అందరిదీ.

"పెట్టెకేం రోగం లేదు వదినా, పచ్చదీపం వెలుగుతోంది," అన్నాడు మరిది డాబా దిగుతూ.

"దీపం వెలిగితే ఇంట్లో మనుషులున్నట్టేనా?"

రెండు రోజులు అతను చెయ్యని పని లేదు. యాంటెన్నా తుడిచాడు, తీగ మార్చాడు. పైన పరికరంలో బ్యాటరీ మార్చడానికి ఇద్దరూ కొండెక్కారు. డెబ్బై రెండు కదల్లేదు. ఈలోగా ట్యాంకు మళ్ళీ ఎండకూడదని ఆవిడ రోజుకి మూడుసార్లు ఎక్కి, కొట్టి, విని, దిగి గోడ మీద సుద్దతో అంకె రాస్తోంది. బోర్డు వచ్చాక ఆ గోడ మీద మోటారు వేసిన వేళలు తప్ప ఇంకేమీ రాయలేదు.

శుక్రవారం ఆ గోడనే చూస్తూ అడిగింది. "అబ్బాయ్, ఆదివారం దాకా నేను రోజూ మోటారు వేశాను. సోమవారం పొద్దున్న వేశాను. ఆ తర్వాత బుధవారం నీళ్ళాగేదాకా వెయ్యలేదు. మరి సోమవారం మీ ఇంట్లో ఏం జరిగింది?"

జవాబు వంటింట్లోంచి తోడికోడలు చెప్పింది.

"నెట్ అబ్బాయి వచ్చాడుగా అక్కా! గోడకున్న పాత నెట్ పెట్టె తీసి కొత్తది పెట్టాడు, ఊరంతా మారుస్తున్నారట. మంచినీళ్ళడిగితే ఇచ్చాను. కానీ నెట్ బ్రహ్మాండంగా ఉంది. నా సీరియల్ ఒక్కసారీ ఆగలేదు."

మరిది గబగబా డాబా ఎక్కాడు. అక్కడి రేడియో పెట్టెని ఇంటి నెట్ నుంచి తప్పించి, తన ఫోను నెట్‌కి కలిపాడు. కింద పంపుగదిలోంచి ట్యాంకత్త కేక వినిపించింది.

"మారింది! యాభై నాలుగు!"

గంట క్రితం ఆవిడ గోడ మీద రాసింది యాభై అయిదు.

"ఇంటర్నెట్‌లోకి వెళ్ళడానికి వేల గుమ్మాలుంటాయి వదినా," అని దిగివచ్చి చెప్పాడు. "పోర్టులంటారు. ఒక్కోదానికీ ఒక నంబరు. సీరియల్ ఒక గుమ్మంలోంచి వస్తుంది. మన పెట్టె మాట పదిహేడు వందల నంబరు గుమ్మంలోంచి పోతుంది. నెట్ కంపెనీవాళ్ళు తమ కొత్త నెట్ పెట్టెలో నలుగురూ నడిచే గుమ్మాలు ఉంచి, మిగతావి మూసేశారు. మన మాట గడప దగ్గరే ఆగిపోతోంది."

"చెప్పకుండానే?"

"మూసేవాడు చెప్పి మూస్తాడా!"

కంపెనీకి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టాడు. చాలాసేపు సంగీతం తర్వాత ఒకమ్మాయి పలికింది.

"వీడియో ఆడుతోందా సార్?"

"ఆడుతోంది. కానీ పదిహేడు వందల పోర్టు..."

"వీడియో ఆడుతోందంటే నెట్ బాగుంది సార్."

ట్యాంకత్త ఫోను లాక్కుంది. "అమ్మాయ్, మా ఇంట్లో కుళాయి బాగుంది, పైపు బాగుంది, నీళ్ళే రావట్లేదు. దాన్ని బాగుందంటావా?"

"నీళ్ళ కంప్లయింటుకి మున్సిపాలిటీకి చెయ్యాలి మేడమ్."

తోడికోడలు వంటింట్లో పడీ పడీ నవ్వింది. నాలుగుసార్లు చేశాక ఎవరో పెద్దాయన లైన్లోకి వచ్చి, ఇళ్ళ కనెక్షన్లకి అలాంటి పోర్టులు తెరవరనీ, అది భద్రత కోసమనీ, దొంగలు చొరబడకుండా అనీ చెప్పాడు.

"దొంగ బయట నుంచి లోపలికొస్తాడు బాబూ. మాది లోపల నుంచి బయటికి పోయే మాట."

"రూలు మేడమ్," అన్నాడాయన, కొంచెం మొహమాటంగానే. ఫిర్యాదు నంబరు ఒకటి ఇచ్చాడు. ఆవిడ దాన్నీ గోడ మీద రాసుకుంది.

శనివారమంతా మరిది కంప్యూటరు ముందే కూర్చున్నాడు. సాయంత్రానికి పెట్టె మాటని వేరే దారి పట్టించాడు. వెబ్‌సైట్లన్నీ వెళ్ళే గుమ్మం అది.

"దీన్ని మూస్తే వాళ్ళు కొట్టు కట్టేసుకోవాలి," అన్నాడు గర్వంగా.

"బాగానే ఉంది. కానీ రేపు ఇంకేదో అడ్డొచ్చి మళ్ళీ ఆగిపోతే, నీ బోర్డు నాకు చెబుతుందా, పాత అంకే పట్టుకుని వేలాడుతుందా?"

అతను నాలిక్కరుచుకున్నాడు. అసలు తప్పు తనదేనని అప్పుడర్థమైంది. కొత్త అంకె రాకపోతే పాతదే నిలిచిపోయేలా బోర్డుని తయారుచేసింది తనే. చీకటి పడేలోగా అంకె కింద అది వచ్చిన వేళ కూడా కనిపించేలా మార్చాడు. నారుమొక్కల ఆయనకి ఫోన్ చేసి, ఐదు రోజులుగా నీ షెడ్డు కబురు నిజం కాదని చెప్పాడు. ఆయన అప్పటికి గమనించనేలేదు.

ఆదివారం మీటింగులో ఎవరూ అడక్కముందే ట్యాంకత్త తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"గుమ్మం మూసింది కంపెనీవాళ్ళు మాస్టారూ. కానీ ఎప్పుడు చెప్పిన మాటో అడక్కుండా బోర్డుని నమ్మింది నేను. ఆ తప్పు నాది. అయితే ఒక్కమాట. మీరు పెట్టిద్దామన్న యంత్రమున్నా, అదీ ఈ అంకెనే నమ్మి డెబ్బై రెండుందనే అనుకునేది. అది కొండెక్కి చూసొచ్చేది కాదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లెక్క తప్పని చోట ఆయన వాదించడు. అయినా పరీక్ష పెట్టకుండా మార్కులు వెయ్యడం అలవాటు లేదు.

"పద, కొట్టి చెప్పు."

తాళంచెవి జేబులో వేసుకుని ఆయన కూడా బయల్దేరి అరవయ్యో మెట్టు మీద చతికిలబడ్డాడు. పైనుంచి మూడు మొద్దు దెబ్బలు, ఒక గంట వినిపించాయి.

"అరవై ఒకటి!" అని అరిచింది ట్యాంకత్త.

కింద పంపుగది గుమ్మంలోంచి ఇస్త్రీ ఆయన బోర్డు చూసి అందుకున్నాడు. "అరవై! ఇప్పుడే వచ్చింది!"

"ఒకటి తేడా," అన్నాడు మాస్టారు.

"ఆ ఒకటీ ఇప్పుడే నా బకెట్లో పడింది మాస్టారూ!"

ఆవిడ దిగివచ్చే వరకూ మాస్టారు ఆ మెట్టు మీదే కూర్చుని, తాళంచెవి చేతికిచ్చాడు. లేవడానికి ఆవిడే చెయ్యందించింది.

అప్పట్నుంచి పొద్దున్న ఒక్కసారి మాత్రం ఆవిడ కొండెక్కుతుంది. గోడ మీద బోర్డు అంకె పక్కన తన చెవి అంకె రాస్తుంది. ఫిర్యాదు నంబరు ఇంకా ఆ పైనే ఉంది, దాన్ని చెరపనివ్వదు.