మలుపుకు పనికొచ్చే హిచ్చు

"రొట్టె మాడుతున్నట్టుంది, గటు సూడు పూనమ్!" అన్నాడు దిగంబర్.

పెనం మీద జొన్నరొట్టె నిక్షేపంగా ఉంది. ఆమె అడిగినదానికి జవాబు లేనప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒకటి మాడుతుంది, లేకపోతే పొంగుతుంది. పెళ్లయిన పదిహేడేళ్లుగా ఇదే వరస. ఇప్పుడు ఆమె అడిగింది చిన్న ప్రశ్న: "బండి మలిపేటప్పుడు ట్రైలర్ మూల క్యాబిన్‌కు తాకదా?"

బట్టల దుకాణానికి గిరాకీ తగ్గాక, పెళ్లిళ్లకూ జాతరలకూ తిరిగే వంటింటి ట్రైలర్ చేయిస్తానన్నాడు దిగంబర్. దాని మెడ దాన్ని లాగే పికప్ బండి తోక దగ్గర కాదు, వెనక తొట్టిలో, ఇరుసు మీద కూర్చుంటుంది. ఆ మెడను పట్టుకునే ఇనుప హిచ్చులు రెండు రకాలు: ఒకటి బిగించిన చోటే ఉండేది, రెండోది ముందుకూ వెనక్కూ జరిగేది. జరిగేది దండగని మరిది మయూర్ తేల్చాడు. ట్రైలర్‌లో మూడు పొయ్యిలు, నీళ్ల తొట్టి, మసాలా అరలు ఎక్కడుండాలో అన్నదమ్ములు మూడు రోజులు మాట్లాడుకున్నారు. వండే మనిషి మాట మాత్రం ఒక్క ముక్కలో అయిపోయింది. "మనిషెందుకురా, మన పూనమ్ లేదా?" అంది అత్త సుమిత్రాబాయి. అందరూ తలూపారు. పూనమ్ తల అక్కడ లెక్కలోకి రాలేదు.

మధ్యాహ్నం అంట్లు తోమాక ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు. పడుకోబుద్ధీ కాలేదు. ఇకమీదట ఊరూరా తిరిగే పొయ్యి ముందు తన వీపు కనబడుతోంది. ఇంటి వంటింటికి కనీసం చక్రాల్లేవు కదా అనుకుంది. ఫిజిక్స్ డిగ్రీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, అదీ మడత నలగకుండా. జాకెట్లు కుట్టే టేపు తీసుకుని కిందికి దిగి పికప్ ఎక్కింది. ఎదురింటావిడ చూస్తే, "తొట్టి కడుగుత వదినా, ఎంత మురికుందో కొలుస్తున్న" అంది.

ఇరుసు మీది చోటు నుంచి క్యాబిన్ గోడ దాకా ఇరవై ఎనిమిది అంగుళాలు. ట్రైలర్ వెడల్పు ఆరడుగులు, అందులో సగం, అంటే మెడ నుంచి మూల దాకా, ముప్పై ఆరు అంగుళాలు. తిన్నగా పోతే ఫరవాలేదు. వాళ్ల వజీరాబాద్ సందులో మలిపితే మూల సరాసరి వెనకద్దంలోకి వస్తుంది. దిగంబర్ కొలవలేదని కాదు, దుకాణంలోని గజం బద్దతోనే కొలిచాడు. బట్టల తానులు నిలువునా కొలిచిన చెయ్యి. బట్టకు మలుపులుండవు.

మర్నాడు నాయ్‌గావ్ రోడ్డులో ట్రైలర్లు చేసే వెంకట్రావ్ షెడ్డుకు ఆమెనూ తీసుకెళ్లారు. సలహాకు కాదు. "పొయ్యి గద్దె నీ నడుము ఎత్తుకు ఉండాలె గద, కొలిపిచ్చుకో" అన్నాడు దిగంబర్. అంటే ఆమె మనిషిగా కాదు, కొలతగా వచ్చింది.

"హిచ్చు పిన్ను కాడికెల్లి క్యాబిన్‌కు ఎంతుంది సేట్?" అడిగాడు వెంకట్రావ్.

"తొట్టి ఐదడుగులు" అన్నాడు దిగంబర్.

"గది కాదు సేట్ నేనడిగింది."

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక్కడ మాడటానికి రొట్టె కూడా లేదు.

"ఇరవై ఎనిమిది అంగుళాలు" అంది పూనమ్. "ట్రైలర్‌ల సగం ముప్పై ఆరు. జరిగే హిచ్చే పెట్టుండ్రి. రోడ్డు మీద ముందల, సందులల్ల ఎనుకకు. కనీసం పదిహేను అంగుళాలు జరగాలె."

వెంకట్రావ్ కాగితం మీద గీసి చూశాడు. "వదినమ్మ చెప్పిందే కరెక్ట్ సేట్. బిగించిందే పెడితే మొదటి మలుపుకే అద్దం పలిగేది."

"యూట్యూబ్‌ల సూసినవా వదినా?" మయూర్ నవ్వాడు.

"కాదు మరిదీ. తొట్ల సూసిన. మీరు కూడ సూడొచ్చు, అక్కడ్నే ఉన్నది."

దిగంబర్ గొంతు సవరించుకుని, "నేను గూడ గదే అనుకున్న" అన్నాడు. తర్వాత టేపు వైపు చెయ్యి చూపించాడు. "ఇగ వెంకట్రావ్, ఈమె నడుము ఎత్తు రాస్కో. గద్దె పని మొదలుపెట్టు."

వెంకట్రావ్ టేపు చాపాడు. పూనమ్ ఒక అడుగు పక్కకు జరిగింది. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆమెను కూర్చోనివ్వనిది అక్కడ ఆగింది.

"నా ఎత్తు వద్దు అన్నా. నేను వండుత అని ఎవ్వలకు చెప్పలేదు. మనిషిని పెట్టుకోని, జీతం మాట్లాడుకోని, గప్పుడు ఆ మనిషిని తోల్కచ్చి కొలవుండ్రి."